తూకం వేసి కొన్న పరుపు

నా చిన్నతనంలో తెనాలిలోని మా ఇంట్లో రెండు మూడేళ్లకోసారి పరుపులు విప్పేవాళ్లు. సంక్రాంతి వెళ్లి ఎండ కాస్త ముదిరిన రోజుల్లో దూదేకే ఆయన పొడవాటి విల్లు భుజాన పెట్టుకుని మా వీధికి వచ్చేవారు. వసారాలో చాప పరిచి, గలేబు కుట్లు తెంపి, ఉండలు కట్టిన దూదినంతా కుప్పగా పోసేవాళ్లు. ఆయన విల్లు అందుకోకముందే మా నాన్నమ్మ ఆ దూదిని దుప్పట్లో మూటగట్టించి కాటా వేయించేది. ఏకడం అయ్యాక మళ్లీ వేయించేది. దుమ్మూ గింజల పొట్టూ పోగా తరుగు ఎంత వచ్చిందో లెక్క చూసుకుని, అంత కొత్త దూది కలిపించి, గలేబులో సమంగా కూరించి, దబ్బనంతో పురికొస కుట్లు వేయించేది. ఇంట్లో ఏ పరుపులో ఎన్ని కిలోల దూది ఉందో, ఏ దిండులో పత్తి ఉందో, ఏ దిండులో బూరుగు దూది ఉందో ఆవిడకు నోటికి వచ్చు.

నేను గడిచిన కొన్నేళ్లలో అమ్మ కోసం మూడు పరుపులు కొన్నాను. మొదటి రెండూ తప్పుడు ఎంపికలే. డబ్బు పోయిందన్న బాధ కంటే, ఆ రెండింటి మీద అమ్మ పడుకున్న రాత్రులు తలుచుకుంటే ఎక్కువ బాధగా ఉంటుంది. ఆ అనుభవం తరవాత నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే: పరుపు కొనేవాళ్లు ముందుగా అడగాల్సింది నాన్నమ్మ అడిగిన ప్రశ్నే. లోపల ఏముంది, ఎంత ఉంది? దూది పరుపుల కాలంలో సరుకు కళ్లెదుట తూగి, కళ్లెదుటే గలేబులోకి వెళ్లేది. ఇప్పుడు సరుకు గలేబులో మూసుకుపోయి, దాని మీద ఒక అందమైన పేరూ, ఒక వారంటీ కార్డూ మాత్రమే మనకు కనిపిస్తున్నాయి. ఇంటికి బియ్యం కొంటే గుప్పెట్లోకి తీసుకుని చూస్తాం, చీర కొంటే కొంగు విప్పి చూస్తాం. పదేళ్ల పాటు రోజుకు ఏడెనిమిది గంటలు ఒళ్లు ఆన్చే వస్తువును మాత్రం పేరు చూసి కొనేస్తున్నాం.

మొదటి పరుపు సంగతి చెబుతాను. అమ్మది ఒంటరి మంచం, ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. నడుము నొప్పి అంటోందని, అయిదు అంగుళాల మందం ఉన్న ఫోమ్ పరుపు ఒకటి రూ. 9,000 పెట్టి ఒక షోరూమ్‌లో కొన్నాను. లేబుల్ మీద ఆర్థోపెడిక్ అని ఉంది. డెన్సిటీ 40 అని సేల్స్‌మన్ చెప్పాడు, బిల్లు మీద మాత్రం రాయలేదు. రాయమని అడగాలన్న తెలివి అప్పుడు నాకు లేదు. పద్నాలుగు నెలలు తిరిగేసరికి నడుము ఆనే చోట గుంట పడింది. ఉదయం అమ్మ లేచాక దుప్పటి తీసి చూస్తే, మనిషి పడుకున్న ఆకారం పరుపు మీద అలాగే నిలిచి ఉండేది. కంపెనీకి ఫిర్యాదు చేస్తే ఒక మనిషి వచ్చాడు. పరుపు ఈ అంచు నుంచి ఆ అంచుకు దారం బిగించి పట్టి, గుంటలో స్కేలు నిలబెట్టి, 18 మిల్లీమీటర్లు అని రాసుకున్నాడు. వారంటీ షరతు ప్రకారం గుంట 25 మిల్లీమీటర్లు దాటాలట. అది కూడా పరుపు మీద ఎవరూ లేనప్పుడు కొలిచిన లోతు. మనిషి పడుకున్నప్పుడు మెత్తబడిన ఫోమ్ ఎంత లోతుకు దిగుతుందో ఆ కొలతలోకి రాదు. అంటే నడుము నొప్పి పుట్టే లోతు వేరు, వారంటీ ఒప్పుకునే లోతు వేరు.

అతను వెళ్లిపోయాక నేను గలేబు కుట్లు తెంపాను. లోపల లేత పసుపు రంగు ఫోమ్ దిమ్మ ఒక్కటే ఉంది. దాన్ని చంకలో పెట్టుకుని, ఇంట్లో బరువు చూసుకునే కాటా మీద నిలబడ్డాను. నా బరువు తీసేస్తే అయిదున్నర కిలోలు తేలింది. లెక్క ఇక్కడి నుంచి సులువే. ఫోమ్ డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్నది. పరుపు పొడవు, వెడల్పు, మందం అంగుళాల్లో గుణించి 61,024తో భాగిస్తే ఘనపు మీటర్లు వస్తాయి. 72ను 36తో, దాన్ని 5తో గుణిస్తే 12,960, భాగిస్తే 0.21 పైచిలుకు. నిజంగా 40 డెన్సిటీ ఫోమ్ అయితే ఆ దిమ్మ ఎనిమిదిన్నర కిలోలు తూగాలి. అయిదున్నరే తూగిందంటే డెన్సిటీ 26కి మించలేదన్నమాట. మూడు కిలోల సరుకు తక్కువ ఇచ్చి, పూర్తి ధర తీసుకున్నారు. కూరగాయల దుకాణంలో పావుకిలో తేడా వస్తే ఊరుకోని మనం, పరుపులో మూడు కిలోల తరుగును పట్టుకోలేకపోతున్నాం. కాటా వేయవచ్చన్న ఆలోచనే మనకు రాదు.

డెన్సిటీ గురించి దుకాణాల్లో ఒక గందరగోళం నడుస్తోంది. డెన్సిటీ ఎక్కువంటే గట్టిగా ఉంటుంది, తక్కువంటే మెత్తగా ఉంటుంది అని అమ్మేవాళ్లే చెబుతారు. ఆ రెండూ వేరు వేరు గుణాలు. గట్టిదనం అంటే నొక్కితే ఎంత ఎదురు నిలుస్తుందన్నది. డెన్సిటీ అంటే ఆ ఎదురు నిలిచే గుణం ఎన్నాళ్లు ఉంటుందన్నదానికి ఒక ఆనవాలు. తయారీలో పాళ్లు మార్చి తక్కువ డెన్సిటీ ఫోమ్‌ను కూడా కొత్తలో రాయిలా చేయవచ్చు. షోరూమ్‌లో పిడికిలితో గుద్ది చూసి సంతోషించేది ఆ కొత్త గట్టిదనాన్నే. నిత్యం పెద్దవాళ్లు పడుకునే పరుపుకు అడుగున మోసే పొర 32కు తగ్గకూడదని, 40 ఉంటే మేలని, ఒంటి ఆకారానికి ఒదిగే మెమరీ ఫోమ్ అయితే 50 దాటాలని నేను లెక్క పెట్టుకున్నాను. ఎప్పుడో వచ్చే చుట్టాల గదికి 28 అయినా సరిపోతుంది.

అయితే తూకం ఒక్కటే చాలదు. ఫోమ్ పరిశ్రమలో మిగిలిన తునకలను ముక్కలు చేసి, జిగురు కలిపి, దిమ్మగా ఒత్తిన దాన్ని రీబాండెడ్ ఫోమ్ అంటారు. రంగురంగుల మరకల్లా కనిపిస్తుంది. అది మామూలు ఫోమ్ కంటే రెండింతలకు పైగా బరువు, బాగా గట్టి. అడుగు పొరగా వేస్తే మంచిదే, ఎక్కువకాలం గుంట పడదు. పరుపంతా అదే అయితే బల్ల మీద పడుకున్నట్టు ఉంటుంది. కొబ్బరిపీచు పరుపూ బరువే. తక్కువరకం ఫోమ్‌లో బరువు కోసం సుద్దపొడి కలపడమూ ఉంది. కాబట్టి అడగాల్సింది మొత్తం పరుపు బరువుతో పాటు, పొరల వారీగా లెక్క: అడుగున ఏ పదార్థం, ఎన్ని అంగుళాలు, ఏ డెన్సిటీ, దాని మీద ఏమిటి, పై గలేబులో కుట్టిన మెత్త ఎంత. పై మెత్తను కూడా కలిపి ఎనిమిది అంగుళాలని చెప్పి, లోపల ఆరున్నరే పెట్టే పరుపులను నేను చూశాను. పొరల లెక్క బిల్లు మీద రాసి ఇవ్వమంటే నసిగే దుకాణంలో నేను ఇక కొనను. జిప్పు ఉన్న గలేబు పరుపు అయితే అక్కడే విప్పి చూపించమంటాను. మంచి సరుకు పెట్టినవాళ్లు విప్పి చూపించడానికి వెనకాడరు; మూడో పరుపు అమ్మిన ఆయన తనంతట తానే జిప్పు లాగి చూపించారు.

ఇక అందరూ నమ్మే మాటకు వస్తాను. నడుము నొప్పి ఉంటే గట్టి పరుపు వాడాలి, వీలైతే నేల మీద చాప వేసుకుని పడుకోవాలి అని మన ఇళ్లలో చెప్పని పెద్దలు లేరు. ఒక కాలంలో వైద్యులూ అదే చెప్పేవారు. ఈ మాట ఎక్కడి నుంచి పుట్టిందో ఆలోచిస్తే నాకు కుక్కి మంచం గుర్తొస్తుంది. నులక వదులై, నడుమ ఉయ్యాలలా దిగబడిపోయిన మంచం మీద, ఉండలు కట్టిన దూది పరుపు వేసుకుని పడుకునేవాళ్లకు నడుము విరిగినట్టు ఉండేది. అలాంటివాళ్లను నేల మీద పడుకోమంటే హాయి దొరికేది. అది కుక్కి మంచానికి విరుగుడుగా పుట్టిన సలహా. మంచాలు మారి, ప్లైవుడ్ పలకల మీదికి పరుపులు వచ్చిన తరవాత కూడా ఆ సలహాను అలాగే మోసుకొచ్చాం. కంపెనీలు దాన్ని పట్టుకుని ఆర్థోపెడిక్ అన్న పేరు పెట్టి గట్టి పరుపులు అమ్ముతున్నాయి. అది కంపెనీ తన సరుకుకు తాను పెట్టుకునే పేరు; ఆ పేరు ఉన్న రెండు పరుపుల గట్టిదనానికి పోలికే ఉండకపోవచ్చు.

దీని మీద 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో స్పెయిన్ పరిశోధకుల అధ్యయనం ఒకటి వచ్చింది. దీర్ఘకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు గట్టి పరుపులు, మరో జట్టుకు మధ్యరకం గట్టిదనం ఉన్న పరుపులు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్లకు తెలియనివ్వలేదు. గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే ఐరోపా కొలమానంలో 1 అతి గట్టి, 10 అతి మెత్తన. గట్టి పరుపులు 2.3 దగ్గర, మధ్యరకం పరుపులు 5.6 దగ్గర ఉన్నాయి. 90 రోజుల తరవాత చూస్తే, పడుకున్నప్పటి నొప్పిలోనూ, లేచేటప్పటి నొప్పిలోనూ, రోజువారీ పనులు చేసుకోవడంలోనూ మధ్యరకం పరుపుల జట్టే మెరుగ్గా ఉంది. ఒక్క అధ్యయనంతో అన్నీ తేలిపోవన్నది నిజమే. అయినా గట్టిదే మంచిదన్న మాటను కళ్లు మూసుకుని నమ్మకూడదని చెప్పడానికి అది చాలు.

కారణం కూడా మన ఒంట్లోనే కనిపిస్తుంది. పక్కకు తిరిగి పడుకునే మనిషికి భుజమూ తుంటీ ముందు ఆనుతాయి. అవి కాస్త లోపలికి దిగితేనే నడుము దగ్గర ఖాళీ మిగలకుండా వెన్ను తిన్నగా ఉంటుంది. పరుపు మరీ గట్టిదైతే భుజం ఒత్తుకుపోయి చెయ్యి తిమ్మిరెక్కుతుంది. మరీ మెత్తనైతే తుంటి దిగబడి వెన్ను వంగుతుంది. 50 కిలోల మనిషికి గట్టిగా తోచిన పరుపు 90 కిలోల మనిషికి మెత్తగా తోస్తుంది. అందుకే ఒకరికి నచ్చిన పరుపును ఇంకొకరికి సిఫారసు చేయడం వల్ల ఉపయోగం తక్కువ. పరీక్ష చేసుకునే పద్ధతి కష్టమేమీ కాదు. వెల్లకిలా పడుకుని నడుము కింద అరచెయ్యి దూర్చాలి. చెయ్యి అడ్డం లేకుండా అటూ ఇటూ ఆడితే పరుపు మీ ఒంటికి గట్టిది, అసలు దూరకపోతే మెత్తనిది, కాస్త ఒత్తుకుంటూ దూరితే సరిపోయింది. తరవాత పక్కకు తిరిగి పడుకుని, వెంట వచ్చినవాళ్లను వెనక నుంచి వెన్ను తిన్నగా ఉందో లేదో చూడమనాలి. పసిపిల్లల విషయం మాత్రం వేరు: వాళ్లను గట్టిగా, చదునుగా ఉన్న పక్క మీదే పడుకోబెట్టాలి, మెత్తటి పరుపూ, చుట్టూ దిండ్లూ వాళ్ల ఊపిరికి అపాయం.

రెండో పరుపు మీద నేను చేసిన తప్పు ఇంకో రకం. మొదటిది మోసం చేసిందన్న కసితో, ఖరీదైనది కొంటే సమస్య ఉండదనుకుని పది అంగుళాల మెమరీ ఫోమ్ పరుపు తెప్పించాను. ఇది నాసా కనిపెట్టిన ఫోమ్ అని అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు. ఆ మాటలో నిజం ఉంది. 1966లో చార్లెస్ యోస్ట్ అనే ఇంజనీరు నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రం కోసం దీన్ని తయారుచేశారు. విమానం సీట్లలో కూర్చున్నవాళ్లకు దెబ్బ తగలకుండా, ఒత్తిడి పడకుండా చూడటానికి. పడక పరుపుగా అది బజారులోకి వచ్చింది 1990ల మొదట్లో, స్వీడన్‌లో. ఆ పుట్టుకలోనే మనకు పనికొచ్చే సంగతి ఉంది. మెమరీ ఫోమ్ వేడికి మెత్తబడుతుంది, చలికి బిగుస్తుంది. ఒంటి వేడికి కరిగినట్టై ఆకారానికి ఒదుగుతుంది, ఆ వేడిని తనలో పట్టి ఉంచుతుంది. చలిదేశంలో అది సుఖం. తెనాలిలో మే నెలలో, రాత్రి పదకొండు గంటలకు కూడా గోడలు సెగలు కక్కే గదిలో, ఫ్యాన్ కింద పడుకునే మనిషికి అది శిక్ష. అమ్మ వీపు కింద దుప్పటి తడిసి ముద్దయ్యేది. చివరికి ఆమె ఆ పరుపు వదిలేసి నేల మీద చాప వేసుకుంది. రాత్రంతా ఏసీ నడిచే గదికి మెమరీ ఫోమ్ ఆలోచించవచ్చు, అదీ పై పొరగా ఒకటి రెండు అంగుళాలే. కరెంటు పోతే ఏసీ ఆగిపోయే ఇంటికి నేను సిఫారసు చేయను.

మిగతా రకాల గురించి క్లుప్తంగా చెబుతాను. లేటెక్స్ అంటే రబ్బరు పాలు నురగగా కొట్టి పోతపోసినది. 1929లో డన్‌లప్ కంపెనీలో ఈ పద్ధతి రూపుదిద్దుకుంది. మన పెద్దవాళ్లు ఇప్పటికీ ఏ ఫోమ్ పరుపునైనా డన్‌లప్ పరుపు అనడం అక్కడి నుంచి వచ్చిందే. లేటెక్స్ దిమ్మకు నిండా సన్నని రంధ్రాలుంటాయి, నొక్కి వదిలితే వెంటనే లేస్తుంది, మెమరీ ఫోమ్‌లా వేడి పట్టదు, చాలాకాలం మన్నుతుంది. ధర, బరువు రెండూ ఎక్కువ. అసలైన రబ్బరు పాలా, కృత్రిమ రబ్బరు కలిపారా అన్నది రాతపూర్వకంగా అడగాలి. కొబ్బరిపీచుకు రబ్బరు పాలు పట్టించి ఒత్తిన పరుపు గాలి బాగా ఆడుతుంది, వేసవికి మంచిది. కానీ కొన్నేళ్లకు పీచు నలిగి, పడుకునే చోట లోయ పడుతుంది, తిరగేసి వాడుకుంటూ ఉండాలి. స్ప్రింగుల పరుపు కొనదలిస్తే, ఇద్దరు పడుకునే మంచానికి ఒక్కో స్ప్రింగు విడి సంచిలో ఉండే రకమే కొనాలి. ఒకరు దొర్లితే రెండోవాళ్లకు కదలిక తెలియకుండా ఉంటుంది. మంచం పట్టి కదలలేని రోగులకు ఈ రకాలేవీ సరిపోవు. పుండ్లు పడకుండా గాలి నిండుతూ తగ్గుతూ ఉండే ఎయిర్ బెడ్ గురించి వైద్యుణ్ని అడగాలి.

పది అంగుళాల పరుపు చేసిన అసలు నష్టం వేడి కాదు, ఎత్తు. మా తాతయ్య చేయించిన టేకు మంచం పలక నేల నుంచి 16 అంగుళాలు. దాని మీద పది అంగుళాలు చేరేసరికి 26 అయింది. అమ్మ మోకాలి ఎత్తు పదిహేడున్నర. పరుపు వేసిన మొదటి రోజే అమ్మ అంచున కూర్చుని, కాళ్లు గాలిలో వేలాడుతుంటే నవ్వుతూ, “దీని మీంచి దిగాలంటే నాకు పీట వెయ్యాలే అమ్మాయ్” అంది. నేను ఆ మాటను పట్టించుకోలేదు. మూడు వారాల తరవాత ఒక తెల్లవారుజామున బాత్రూమ్‌కు లేవబోయి, అంచున చెయ్యి ఆనిస్తే మెత్తటి అంచు లోపలికి దిగిపోయి, ఆమె జారి కింద పడింది. మణికట్టు బెణికింది, తుంటి ఎముక విరగనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. కట్టు కట్టిన డాక్టరుగారు ఎలా పడ్డారని అడిగి, విన్నాక, “మంచం ఎత్తు ఎంతమ్మా?” అన్నారు. రెండు పరుపులు కొన్న నన్ను అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, నేనూ వేసుకోలేదు.

అందుకే పెద్దవాళ్లున్న ఇంట్లో పరుపు మందాన్ని పరుపుల దుకాణంలో కాక, ఇంట్లో మంచం పక్కన టేపు పట్టుకుని నిర్ణయించాలని గట్టిగా చెబుతున్నాను. అంచున కూర్చున్నప్పుడు పాదాలు రెండూ పూర్తిగా నేలకు ఆనాలి, తొడలు నేలకు సమాంతరంగానో, మోకాళ్ల వైపు కొద్దిగా వాలుగానో ఉండాలి. కూర్చుంటే పరుపు ఒక అంగుళం, అంగుళంన్నర అణుగుతుందని లెక్కలోకి తీసుకోవాలి. అంచు గట్టిగా ఉందో లేదో రెండు అరచేతులూ ఆనించి లేచి చూడాలి. ఇవాళ షోరూముల్లో ఎనిమిది, పది, పన్నెండు అంగుళాల పరుపులు హోదాగా చలామణి అవుతున్నాయి. అరవై ఏళ్లు దాటినవాళ్లకు ఆ హోదా ఒక గోడ.

కొలతలు కూడా మంచం లోపలి వైపు నుంచి తీసుకోవాలి. కంపెనీలు చేసే మామూలు సైజులు 72 గానీ 75 గానీ 78 గానీ అంగుళాల పొడవుకు 36, 48, 60, 72 అంగుళాల వెడల్పు. వడ్రంగి చేత చేయించిన పాత మంచాలు ఈ లెక్కకు అందవు. అర అంగుళం పెద్దదైతే పరుపు నడుమ పైకి ఉబుకుతుంది. అంగుళం చిన్నదైతే పక్కకు జారుతుంది, పెద్దవాళ్ల చెయ్యి ఆ సందులో పడుతుంది. ఇంకో మాట: అడుగున సామాను పెట్టుకునే డబ్బా మంచాలకు గాలి ఆడదు. కోస్తా ఊళ్లలో ఉక్కపోత రోజుల్లో పరుపు అడుగు భాగం చెమ్మగిల్లి బూజు పడుతుంది. పలకకు రంధ్రాలు వేయించడమో, నెలకోసారి పరుపును గోడకు నిలబెట్టి ఫ్యాన్ గాలి తగిలించడమో చేయాలి.

ఆన్‌లైన్‌లో కొనడం తప్పని నేను అనను. నొక్కి, చుట్టి పంపే పరుపుల్లోనూ మంచివి ఉన్నాయి. వంద రాత్రులు పడుకుని చూసి నచ్చకపోతే వెనక్కి ఇవ్వొచ్చన్న వెసులుబాటు చాలా షోరూముల్లో దొరకదు. అయితే ఆ వంద రోజుల్లో ఒక మరక పడినా వెనక్కి తీసుకోని షరతు ఉందేమో, తీసుకెళ్లే ఖర్చు ఎవరిదో, మీ ఊరి నుంచి తీసుకెళ్తారో లేదో ముందే చదవాలి. మొదటి రోజు నుంచే విడిగా ఒక గలేబు తొడిగించాలి. పరుపు రాగానే, ఇంకా విప్పకముందే కాటా వేయాలి. షోరూమ్‌లో కొంటే, సేల్స్‌మన్ పక్కన నిలబడి మాట్లాడుతున్నా మొహమాటపడకుండా, ఇంట్లో పడుకునే తీరులోనే పావుగంట పడుకుని చూడాలి. నేను మూడోసారి అమ్మను వెంట తీసుకెళ్లాను. అమ్మ చెప్పులు విడిచి, చీర కొంగు సర్దుకుని, ఎడమవైపు తిరిగి పడుకుని కళ్లు మూసుకుంది. ఇరవై నిమిషాల తరవాత, “భుజం ఒత్తుకోవడం లేదు, ఇది బాగుంది” అంది. మొదటి రెండుసార్లూ పడుకోవాల్సిన మనిషిని అడగకుండానే పరుపు కొన్నాను.

ఆ రోజు కొన్నది నాలుగు అంగుళాల పరుపు. అడుగున రెండు అంగుళాల రీబాండెడ్, పైన రెండు అంగుళాల 40 డెన్సిటీ ఫోమ్, బిల్లు మీద రాయించుకున్నాను. ఒంటికి నేరుగా ఫోమ్ తగలకూడదని అమ్మ పట్టుబట్టింది. అటక మీద నాన్నమ్మ నాటి దూది పరుపు ఒకటి ఇంకా ఉంది. దాన్ని ఏకించి, అంగుళంన్నర మందాన పలచటి దూది పరుపు కుట్టించి పైన వేసుకుంటానంది. విని నేను ఆశ్చర్యపోయాను, ఎందుకంటే అంతకంటే మంచి ఉపాయం నాకు ఏ షోరూమ్‌లోనూ దొరకలేదు. దూది చెమట పీలుస్తుంది. వారానికోసారి ఆ పలచటి పరుపును చుట్టి డాబా మీద ఎండేసుకోవచ్చు. కింది ఫోమ్ బరువు మోస్తుంది, పైది ఒంటిని చల్లగా ఉంచుతుంది. వడ్రంగిని పిలిచి టేకు మంచం కోళ్లు రెండు అంగుళాలు కోయించాం. తాతయ్య మంచాన్ని కోయిస్తున్నందుకు మనసు చివుక్కుమన్నా, ఇప్పుడు 14కు నాలుగు, దానికి ఒకటిన్నర కలిపి పందొమ్మిదిన్నర అంగుళాలు. అమ్మ కూర్చుంటే 18కి దిగుతుంది. పాదాలు నేలకు ఆనుతున్నాయి.

దూది ఏకడానికి ఇప్పుడు వీధిలోకి విల్లు పట్టుకుని ఎవరూ రావడం లేదు. దూదేకుల, నూర్‌బాషా, లదాఫ్, పింజారి అని ప్రాంతానికో పేరుతో పిలిచే ఆ కుటుంబాలకు ఇది కులవృత్తి. ఫోమ్ వచ్చాక వాళ్లలో చాలామంది ఆ పని వదిలేశారు. దాన్ని నేను కేవలం బెంగతో చూడలేను. పత్తి దుమ్ము ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకు బిస్సినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. మా వసారాలో విల్లు ఆడించిన ఆయన ముక్కుకు తువ్వాలు కట్టుకుని కూడా పని పొడుగునా దగ్గుతూనే ఉండేవారు. ఇప్పుడు ఊళ్లో దూదేకే మిషన్ పెట్టుకున్న దుకాణం ఒకటి ఉంది. మిషన్ చుట్టూ తడికె కట్టి, దుమ్ము బయటికి పోయేలా పెద్ద ఫ్యాన్ బిగించారు, పనివాళ్లకు మాస్కులున్నాయి. కిలోకి ఇంత అని మజూరీ.

పాత పరుపును ఆటోలో వేసుకుని వెళ్లాం. కుట్లు విప్పాక దూదిని సంచిలోకి ఎత్తుతున్న కుర్రాణ్ని అమ్మ ఆపి, “ముందు కాటా పెట్టు నాయనా” అంది. 12 కిలోలు ఉంది. మిషన్ నుంచి బయటికి వచ్చిన దూది తెల్లగా, పొంగిన పేలాల్లా, గదిలో సగం నిండిపోయింది. మళ్లీ కాటా పెట్టించింది. పదకొండుంబావు. ఇంటికి వచ్చి గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ గడి దగ్గర పెన్సిల్‌తో, పరుపులోకి నాలుగు కిలోలు, దిండ్లలోకి రెండు, అటక మీద అయిదుంబావు, తరుగు ముప్పావు కిలో అని రాసి పెట్టుకుంది.